హెచ్.జి.వెల్స్

హెర్బర్ట్ జార్జ్ వెల్స్ (1866 సెప్టెంబరు 21 - 1946 ఆగస్టు 13) ప్రముఖ ఆంగ్ల రచయిత. హెచ్.జి.వెల్స్ అన్న పొడి అక్షరాల పేరుతోనే ఈయన ప్రపంచానికి పరిచితుడు. ఫ్రెంచి రచయిత జూల్స్ వెర్న్ తో పాటు ఈయనను కూడా వైజ్ఞానిక కల్పనా సాహిత్యానికి ఆద్యుడిగా పరిగణిస్తారు. ది టైమ్ మెషీన్, ది ఇన్విజిబుల్ మాన్, ది వార్ ఆఫ్ ది వరల్డ్స్ ఈయన రచనలలో సుప్రసిద్ధమైనవి. నవలలే కాక చరిత్ర, జీవశాస్త్రం, రాజకీయాలు, సమాజ సంస్కరణ మొదలైన విషయాలపై కూడా విరివిగా వ్రాశాడు.

సీసంతో పోతపోసి రంగులు వేసిన చిన్న సైనిక బొమ్మలతో ఆడే యుద్ధక్రీడకు ఈయన 1913లో లిటిల్ వార్స్ అనే పుస్తకంలో నియమావళిని కూర్చాడు. అంతవరకు సైనికాధికారుల శిక్షణకే ఎక్కువగా పరిమితమై ఉన్న యుద్ధక్రీడను ఇంటింటా ఆడుకొనే వినోదంగా మార్చినవారిలో వెల్స్ ముఖ్యుడు. అందువలన బొమ్మ సైనికులతో చారిత్రక యుద్ధాలను ఆడేవారు, పాత బొమ్మలను సేకరించేవారు ఈయనను తమ అభిరుచికి మూలపురుషునిగా భావిస్తారు. ప్రపంచశాంతిని కోరి, బొమ్మల యుద్ధాన్ని నిజమైన యుద్ధానికి ప్రత్యామ్నాయంగా చూపిన ఈ రచయితే, పుస్తకం వెలువడిన మరుసటి సంవత్సరం మొదలైన మొదటి ప్రపంచయుద్ధాన్ని సమర్థించాడు. ఈ వైరుధ్యం ఈయన జీవితంలో బాగా చర్చకు వచ్చిన అంశాలలో ఒకటి.

బాల్యం

వెల్స్ ఇంగ్లాండులోని కెంట్ కౌంటీకి చెందిన బ్రోమ్లీ పట్టణంలో జన్మించాడు. తండ్రి జోసెఫ్ వెల్స్, తల్లి సారా నీల్. జోసెఫ్ మొదట తోటమాలిగా పనిచేశాడు. సారా సంపన్నుల ఇళ్ళలో పరిచారిక. తరువాత వీరు బ్రోమ్లీలో పింగాణీ సామాను, ఆటవస్తువులు అమ్మే చిన్న అంగడిని నడిపారు. అంగడి మీద వచ్చే ఆదాయం చాలీచాలనిది. జోసెఫ్ మంచి క్రికెట్ బౌలరు కూడా. 1862లో కెంట్ జట్టు తరఫున ససెక్స్ జట్టుపై ఆడుతూ వరుసగా నాలుగు బంతులలో నాలుగు వికెట్లు తీశాడు. క్రికెట్ వలన వచ్చే కొద్దిపాటి సొమ్ము కుటుంబానికి ఆసరాగా ఉండేది.

1874లో ఏడేళ్ళ వయసులో వెల్స్ కాలు విరిగి చాలాకాలం మంచంపై ఉండవలసి వచ్చింది. కాలక్షేపం కోసం తండ్రి గ్రంథాలయం నుండి పుస్తకాలు తెచ్చి ఇచ్చేవాడు. చదువుపై ఆసక్తి, వ్రాయాలన్న కోరిక తనలో అప్పుడే మొలకెత్తాయని వెల్స్ తరువాత చెప్పుకున్నాడు. 1877లో తండ్రికి కూడా ప్రమాదం జరిగి తొడ ఎముక విరిగింది. దానితో క్రికెట్ ఆదాయం ఆగిపోయి, కుటుంబం ఆర్థికంగా చితికిపోయింది.

బాల్యంలో వెల్స్ బ్రోమ్లీ చుట్టుపక్కల కొండలలో, పొలాలలో ఒంటరిగా తిరుగుతూ తాను పెద్ద సేనానినని, ఆ నేలపై సైన్యాలను నడుపుతున్నానని ఊహించుకొనేవాడు. 1934లో ప్రచురించిన ఆత్మకథలో ఈ పగటికలలను దాచకుండా వివరించాడు. పదమూడేళ్ళ వయసులో తనకు వచ్చిన ఇటువంటి ఊహలే జర్మనీలో హిట్లర్ రూపంలో నిజమై నిలిచాయని ఆ పుస్తకంలో వ్యాఖ్యానించాడు.

విద్యాభ్యాసం

కుటుంబ పరిస్థితుల వలన వెల్స్ చిన్నతనంలోనే పనిలో చేరవలసి వచ్చింది. తల్లి ససెక్స్ లోని అప్ పార్క్ అనే జమీందారీ భవనంలో గృహ నిర్వాహకురాలిగా చేరింది. వెల్స్ ను సౌత్ సీ పట్టణంలోని ఒక బట్టల దుకాణంలో శిక్షణకు కుదిర్చారు. అక్కడ రోజుకు పదమూడు గంటల పని. రాత్రి మిగిలిన కుర్రవాళ్ళతో కలిసి ఒకే గదిలో పడక. ఈ జీవితాన్ని ఆయన ఎంతగానో అసహ్యించుకున్నాడు. కిప్స్ (1905), ది హిస్టరీ ఆఫ్ మిస్టర్ పాలీ (1910) నవలలలో కనిపించే దుకాణపు గుమాస్తాల జీవితానికి ఈ అనుభవమే ఆధారం. అప్ పార్క్ కు వెళ్ళినప్పుడు అక్కడి గ్రంథాలయంలో ప్లేటో వ్రాసిన రిపబ్లిక్ వంటి పుస్తకాలను చదివాడు.

1883లో దుకాణం వదిలి మిడ్ హర్స్ట్ గ్రామర్ స్కూలులో చదువుకుంటూనే చిన్న తరగతులకు పాఠాలు చెప్పే ఉద్యోగంలో చేరాడు. మరుసటి సంవత్సరం ఉపకారవేతనం లభించి లండన్ లోని నార్మల్ స్కూల్ ఆఫ్ సైన్స్ లో ప్రవేశించాడు. అక్కడ డార్విన్ సిద్ధాంతానికి గట్టి సమర్థకుడైన థామస్ హెన్రీ హక్స్లీ వద్ద జీవశాస్త్రం అభ్యసించాడు. ఈ శిక్షణ వెల్స్ ఆలోచనా విధానాన్ని జీవితాంతం ప్రభావితం చేసింది. 1887లో వేల్స్ లో ఉపాధ్యాయుడిగా ఉండగా ఫుట్ బాల్ ఆటలో దెబ్బ తగిలి మూత్రపిండం దెబ్బతిన్నది. తరువాత లండన్ లోని హెన్లీ హౌస్ పాఠశాలలో పనిచేశాడు. విన్నీ ద పూ కథల రచయిత ఎ.ఎ.మిల్న్ అక్కడ ఈయన విద్యార్థి. 1890లో లండన్ విశ్వవిద్యాలయం నుండి జంతుశాస్త్రంలో బి.ఎస్.సి. పట్టా పొందాడు. 1893లో జీవశాస్త్ర పాఠ్యపుస్తకం ప్రచురించాడు.

వివాహం, కుటుంబం

1891లో తన బంధువైన ఇసబెల్ మేరీ వెల్స్ ను వివాహం చేసుకున్నాడు. ఆ వివాహం నిలవలేదు. 1895లో తన విద్యార్థిని అయిన ఏమీ కేథరీన్ రాబిన్స్ ను పెండ్లాడాడు. ఈమెను వెల్స్ జేన్ అని పిలిచేవాడు. వీరికి జార్జ్ ఫిలిప్ (1901), ఫ్రాంక్ రిచర్డ్ (1903) అనే ఇద్దరు కుమారులు. పెద్దవాని ముద్దుపేరు జిప్. వెల్స్ కు ఇతర స్త్రీలతో సంబంధాలు ఉండేవి. అవి ఆనాటి సమాజంలో పెద్ద దుమారం రేపాయి. రచయిత్రి రెబెక్కా వెస్ట్ వలన ఈయనకు కలిగిన కుమారుడు ఆంథోనీ వెస్ట్ 1914 ఆగస్టు 4న, అంటే బ్రిటన్ మొదటి ప్రపంచయుద్ధంలో ప్రవేశించిన రోజునే, జన్మించాడు.

రచయితగా

1895లో వెలువడిన ది టైమ్ మెషీన్ వెల్స్ కు ఒక్కసారిగా పేరు తెచ్చింది. తరువాత మూడేళ్ళలో ది ఐలాండ్ ఆఫ్ డాక్టర్ మోరో (1896), ది ఇన్విజిబుల్ మాన్ (1897), ది వార్ ఆఫ్ ది వరల్డ్స్ (1898) వెలువడ్డాయి. రచనల వలన వచ్చిన ఆదాయంతో కెంట్ తీరంలోని శాండ్ గేట్ వద్ద స్పేడ్ హౌస్ అనే ఇల్లు కట్టించుకున్నాడు. దీనిని వాస్తుశిల్పి వాయ్సీ రూపొందించాడు.

భవిష్యత్తులో యుద్ధాలు ఎలా ఉంటాయన్నది వెల్స్ ను ఎప్పుడూ వెంటాడిన ప్రశ్న. 1903లో స్ట్రాండ్ మాగజైన్ లో ప్రచురించిన ది లాండ్ ఐరన్ క్లాడ్స్ కథలో నేలపై నడిచే ఉక్కుకవచపు యుద్ధవాహనాలను వర్ణించాడు. యుద్ధరంగంలో టాంకులు మొదటిసారిగా 1916 సెప్టెంబరు 15న కనిపించాయి. 1908 నాటి ది వార్ ఇన్ ది ఎయిర్ నవలలో విమానాలు నగరాలపై బాంబులు వేయడాన్ని చిత్రించాడు. 1914లో వెలువడిన ది వరల్డ్ సెట్ ఫ్రీ లో పరమాణు బాంబులను ఊహించాడు. భౌతికశాస్త్రవేత్త లియో జిలార్డ్ 1932లో ఈ నవలను చదివాడు. మరుసటి సంవత్సరం పరమాణు శృంఖల చర్య అన్న భావన ఆయనకు స్ఫురించింది.

నేలమీది ఆటలు

కుమారులిద్దరూ ఎదుగుతున్న కాలంలో స్పేడ్ హౌస్ లో వెల్స్ వారితో కలిసి నేలపై కూర్చుని ఆడేవాడు. చెక్క దిమ్మెలు, పలకలు, బొమ్మ రైళ్ళు, సీసపు బొమ్మలతో దీవులు, పట్టణాలు నిర్మించేవారు. 1903లో వ్రాసిన ది మేజిక్ షాప్ కథలో జిప్ అనే పిల్లవాడే కథానాయకుడు. మాయ అంగడిలో అతనికి లభించే పెట్టెలోని సైనిక బొమ్మలు మంత్రం చెప్పగానే ప్రాణం పోసుకుంటాయి. ది న్యూ మాకియవెల్లి (1911) నవలలో కూడా కథానాయకుని బాల్యంలో ఇటువంటి ఆటల వర్ణన ఉంది.

1911లో ఈ ఆటలను వివరిస్తూ ఫ్లోర్ గేమ్స్ అనే చిన్న పుస్తకం ప్రచురించాడు. ఆనాటి బొమ్మల అంగళ్ళలో ఎక్కడ చూసినా సైనికులే తప్ప మామూలు పౌరుల బొమ్మలు దొరకడం లేదని ఇందులో ఫిర్యాదు చేశాడు. పట్టణం కట్టిన పిల్లవానికి అందులో నివసించే మనుషులు కావాలన్నది ఆయన వాదన.

ఈ పుస్తకానికి అనుకోని ప్రయోజనం ఒకటి కలిగింది. లండన్ కు చెందిన వైద్యురాలు మార్గరెట్ లోవెన్ ఫెల్డ్ దీని నుండి స్ఫూర్తి పొంది, మాటలలో తమ బాధను చెప్పుకోలేని పిల్లలకు ఇసుక తొట్టె, చిన్న బొమ్మలు ఇచ్చి వారి మనసును తెలుసుకొనే పద్ధతిని 1920ల చివరలో రూపొందించింది. తరువాతి కాలంలో ఇసుక ఆట చికిత్సగా వ్యాపించిన విధానానికి ఇదే పునాది.

లిటిల్ వార్స్ పుట్టుక

సైనిక బొమ్మలతో నియమబద్ధంగా ఆడడం వెల్స్ తోనే మొదలు కాలేదు. ప్రష్యా సైన్యంలో రైస్ విట్జ్ అనే అధికారి రూపొందించిన క్రీగ్ స్పీల్ అనే యుద్ధక్రీడ 1824 నుండి అధికారుల శిక్షణకు వాడుకలో ఉంది. ఇందులో పటాలపై చిన్న దిమ్మెలను కదుపుతారు. రచయిత రాబర్ట్ లూయీ స్టీవెన్సన్ 1880ల మొదట్లో స్విట్జర్లాండ్ లోని దావోస్ లో సవతి కుమారుడు లాయిడ్ ఆస్ బోర్న్ తో కలిసి సీసపు సైనికులతో యుద్ధాలు ఆడాడు. కానీ ఎవరైనా కొనుక్కుని ఇంట్లో ఆడుకోగల సులభమైన నియమావళిని ప్రజలకు అందించింది వెల్స్ పుస్తకమే.

బొమ్మ ఫిరంగి ఈ ఆటకు కారణమని వెల్స్ వ్రాశాడు. బ్రిటన్స్ కంపెనీ తయారుచేసిన 4.7 అంగుళాల నౌకాదళ ఫిరంగి నమూనాలో స్ప్రింగు ఉండేది. అది అంగుళం పొడవు గల చిన్న కర్రముక్కను గురి తప్పకుండా విసరగలదు. ఒకనాడు భోజనానంతరం వెల్స్ ఇంటికి వచ్చిన మిత్రుడు, హాస్యరచయిత జెరోమ్ కె. జెరోమ్, ఆ ఫిరంగితో ఒక బొమ్మ సైనికుని పడగొట్టి, మరొకరిని కూడా అలాగే కొట్టమని సవాలు చేశాడు. ఆ సరదాలో నుండి, సైనికులను కదిలించడం కూడా చేరిస్తే ఇది నిజమైన ఆట అవుతుందన్న ఆలోచన పుట్టింది. మొదట్లో విజ్ఞానసర్వస్వం సంపుటాలను నేలపై పేర్చి కొండలుగా ఉపయోగించేవారు. తరువాత చెక్కదిమ్మెల ఇళ్ళు, కొమ్మల చెట్లు, సుద్దముక్కతో గీసిన నదులు వచ్చి చేరాయి. నడివయసు పెద్దమనుషులు నేలపై పాకుతూ బొమ్మలతో ఆడడం చూసి అతిథులు విస్తుపోయేవారని వెల్స్ హాస్యంగా వ్రాశాడు.

ఆట వివరాలు మొదట విండ్సర్ మాగజైన్ లో 1912 చివర, 1913 మొదట్లో వెలువడ్డాయి. 1913లోనే ఫ్రాంక్ పామర్ సంస్థ లిటిల్ వార్స్ ను పుస్తకంగా ప్రచురించింది. పుటల అంచులలో జె.ఆర్.సింక్లెయిర్ చిత్రాలు వేశాడు. పన్నెండేళ్ళ నుండి నూటయాభై ఏళ్ళ వరకు గల బాలురకు, అటువంటి ఆటలను ఇష్టపడే తెలివైన బాలికలకు ఈ ఆట ఉద్దేశించబడినదని అర్థం వచ్చేలా ఉపశీర్షిక పెట్టాడు.

ఆట నియమాలు

లిటిల్ వార్స్ లో పాచికలు లేవు. ఫిరంగి నుండి వెలువడిన కర్రముక్క తగిలి పడిపోయిన బొమ్మ మరణించినట్లు లెక్క. ముఖ్యమైన నియమాలు ఇవి:

* ఆటకు ముందు రంగస్థలం మధ్య తెర కట్టి, ఇరువురూ ఒకరికొకరు కనబడకుండా తమ సైన్యాలను మోహరిస్తారు. తరువాత తెర తొలగిస్తారు.
* పదాతి సైనికుడు ఒక వంతులో ఒక అడుగు, ఆశ్వికుడు రెండు అడుగులు కదలవచ్చు. ఒక అడుగు అంటే సుమారు 30 సెంటీమీటర్లు.
* ఫిరంగి పేలాలంటే దానికి ఆరు అంగుళాల లోపు తమ పక్షం సైనికులు కనీసం నలుగురు ఉండాలి.
* ఒక వంతులో ఫిరంగిని కదపవచ్చు లేదా నాలుగు సార్లు వరకు పేల్చవచ్చు. రెండూ చేయరాదు.
* ప్రతి వంతుకూ కాలపరిమితి ఉంటుంది. సమయం దాటితే మిగిలిన సైనికులు కదలకుండా ఉండిపోతారు.
* ఎదురెదురుగా తాకిన సైనికులు సమాన సంఖ్యలో ఉంటే ఒకరికి ఒకరు చొప్పున ఇరుపక్షాలవారూ మరణిస్తారు. ఒక పక్షం బలం బాగా ఎక్కువగా ఉంటే రెండవ పక్షంవారు బందీలవుతారు.

కాలపరిమితి నియమం వలన ఆటలో తొందరపాటు, పొరపాట్లు, కంగారు చోటుచేసుకుంటాయి. నిజమైన సేనాని ఎదుర్కొనే ఒత్తిడి కొంతవరకు ఆటగానికి అనుభవమవుతుంది. పుస్తకంలో ఎరుపు, నీలం సైన్యాల మధ్య హుక్స్ ఫార్మ్ వద్ద జరిగిన ఊహాయుద్ధాన్ని వెల్స్ నిజమైన యుద్ధ చరిత్రలాగా వర్ణించాడు. క్రీగ్ స్పీల్ అవసరాలకు తన ఆటను ఎలా మార్చవచ్చో అనుబంధంలో చర్చించాడు.

ఆటలో వాడిన బొమ్మలు

ఆ కాలంలో సీసపు బొమ్మల తయారీలో జర్మనీ అగ్రస్థానంలో ఉండేది. న్యూరెంబర్గ్ లో పలుచని రేకువంటి బొమ్మలు, డ్రెస్డెన్ లో నిండు బొమ్మలు తయారయ్యేవి. 1893లో లండన్ కు చెందిన విలియం బ్రిటన్ కుటుంబం బోలు పోత పద్ధతిని ప్రవేశపెట్టింది. కరిగించిన సీసం, తగరం, ఆంటిమొనీ మిశ్రమాన్ని అచ్చులో పోసి, అచ్చు గోడలకు అంటిన పొర గట్టిపడగానే లోపలి ద్రవాన్ని వెనుకకు ఒంపేస్తారు. లోపల బోలుగా ఉండే బొమ్మ తయారవుతుంది. లోహం తక్కువ పట్టడం వలన ధర తగ్గింది, రవాణా తేలికయింది. బొమ్మల ఎత్తు సుమారు 54 మిల్లీమీటర్లు. ఒక్కొక్క బొమ్మకూ చేతితో రంగులు వేసి, ఎర్రని పెట్టెలలో పేర్చి అమ్మేవారు. బొమ్మలన్నీ దాదాపు ఒకే కొలతలో ఉండడం యుద్ధక్రీడకు బాగా కలిసివచ్చింది.

బ్రిటన్స్ కంపెనీ బ్రిటిషు సామ్రాజ్యంలోని అనేక దళాల బొమ్మలను తయారుచేసింది. వీటిలో బెంగాల్ లాన్సర్లు, మద్రాసు పదాతిదళం వంటి భారతీయ సైనిక దళాలు కూడా ఉన్నాయి. మద్రాసు సైన్యంలో తెలుగువారు చాలాకాలం సిపాయిలుగా పనిచేశారు కనుక, ఆ ఎర్రపెట్టెలలోని కొన్ని బొమ్మలు పరోక్షంగా తెలుగు సిపాయిలకూ ప్రతిరూపాలే.

పుస్తకం చివరి వాదన

లిటిల్ వార్స్ చివరి అధ్యాయం ఆట గురించి కాక యుద్ధం గురించి చెబుతుంది. చిన్న యుద్ధం నిజమైన యుద్ధం కంటే ఎంత మేలైనదో వెల్స్ ఇందులో వివరించాడు. ఇందులో వ్యూహం ఉంది, ఉత్కంఠ ఉంది, గెలుపు ఆనందం ఉంది. చితికిన శరీరాలు, కూలిన ఇళ్ళు, కన్నీరు లేవు. యుద్ధం కోరే రాజులను, సేనానులను, ఆవేశపరులైన దేశభక్తులను ఒక పెద్ద మందిరంలో కూర్చోబెట్టి, వారికి కావలసినన్ని బొమ్మలు, చెట్లు, కోటలు ఇచ్చి వారి యుద్ధాలు అక్కడే చేసుకోనివ్వాలని, మిగిలిన ప్రజలను ప్రశాంతంగా బ్రతకనివ్వాలని సూచించాడు. తన ఆటను మూడు నాలుగు సార్లు ఆడినవారికి నిజమైన యుద్ధం ఎంత గందరగోళమైనదో అర్థమవుతుందని ఆయన అభిప్రాయం. చిన్న యుద్ధంలోనే ఇన్ని పొరపాట్లు జరిగితే పెద్ద యుద్ధంలో ఏమవుతుందన్నది ఆయన హెచ్చరిక. మహాయుద్ధం అన్నది మానవుని శక్తికి, బుద్ధికి మించిన పని అని తేల్చాడు.

మొదటి ప్రపంచయుద్ధం

పుస్తకం వెలువడిన ఏడాదికే ఐరోపాలో మహాయుద్ధం మొదలయింది. జర్మన్ సైనికవాదాన్ని ఓడిస్తే ఇక యుద్ధాలే ఉండవని నమ్మిన వెల్స్, ఆ అర్థం వచ్చే శీర్షికతో 1914లో వ్యాసాల సంకలనం ప్రచురించాడు. ఆ శీర్షిక తరువాత ఒక నానుడిగా మారి, యుద్ధం ముగిశాక ఎగతాళికి గురయింది. వెల్స్ కుమారులు చిన్నవారు కావడంతో సైన్యంలో చేరవలసిన అవసరం రాలేదు. కానీ 1913లో పదమూడేళ్ళ వయసులో లిటిల్ వార్స్ చదివిన బాలుడు 1918 నాటికి సైన్యంలో చేరే పద్దెనిమిదేళ్ళ వయసుకు వచ్చాడు.

1916లో వెల్స్ ఫ్రాన్సు, ఇటలీ యుద్ధరంగాలను సందర్శించాడు. అదే సంవత్సరం ప్రచురించిన మిస్టర్ బ్రిట్లింగ్ సీస్ ఇట్ త్రూ నవలలో, ఎసెక్స్ లోని పల్లెటూరి ఇంట్లో నివసించే రచయిత యుద్ధంలో కుమారుని పోగొట్టుకుంటాడు. చివరకు జర్మనీలో తనవలెనే కుమారుని కోల్పోయిన తల్లిదండ్రులకు ఉత్తరం వ్రాయడానికి ప్రయత్నిస్తాడు. ఎసెక్స్ లో వెల్స్ నివసించిన ఈస్టన్ గ్లీబ్ ఇంటి ఛాయలు ఈ నవలలో స్పష్టంగా కనిపిస్తాయి. 1918లో కొంతకాలం ప్రభుత్వ ప్రచార విభాగంలో పనిచేసి, విభేదాలతో తప్పుకున్నాడు.

యుద్ధానంతరం ప్రజలలో సైనిక బొమ్మలపై మోజు తగ్గింది. 1920లలో బ్రిటన్స్ కంపెనీ రైతులు, పశువులు, కోళ్ళు, పల్లె ప్రజల బొమ్మలను విరివిగా తయారుచేసింది. ఫ్లోర్ గేమ్స్ లో వెల్స్ కోరిన పౌరుల బొమ్మలు ఈ విధంగా అంగళ్ళలోకి వచ్చాయి.

తరువాతి జీవితం

దేశాల వారీగా వ్రాసే చరిత్రలే ద్వేషాన్ని పెంచుతున్నాయని భావించి, మానవజాతి మొత్తానికీ ఒకే చరిత్రగా ది అవుట్ లైన్ ఆఫ్ హిస్టరీ (1920) రచించాడు. ఇది విపరీతంగా అమ్ముడయింది. 1920లో రష్యా వెళ్ళి లెనిన్ ను, 1934లో అమెరికా అధ్యక్షుడు రూజ్వెల్ట్ ను, అదే సంవత్సరం స్టాలిన్ ను కలుసుకున్నాడు. 1922, 1923 ఎన్నికలలో లేబర్ పార్టీ తరఫున పోటీచేసి ఓడిపోయాడు. 1927లో భార్య జేన్ మరణించింది. కుమారుడు జార్జ్ ఫిలిప్, జూలియన్ హక్స్లీలతో కలిసి ది సైన్స్ ఆఫ్ లైఫ్ అనే జీవశాస్త్ర గ్రంథం వ్రాశాడు. స్వయంగా మధుమేహ రోగి అయిన వెల్స్, 1934లో డాక్టర్ ఆర్.డి.లారెన్స్ తో కలిసి మధుమేహ రోగుల సంఘాన్ని స్థాపించాడు. 1940లో మానవ హక్కులపై పుస్తకం ప్రచురించాడు. సాహిత్యంలో నోబెల్ బహుమతికి నాలుగు సార్లు ప్రతిపాదించబడినా ఆ బహుమతి లభించలేదు. తొలినాళ్ళ రచనలలో మానవజాతి మెరుగుదల పేరిట ఆయన వెలిబుచ్చిన కొన్ని అభిప్రాయాలు తరువాత తీవ్ర విమర్శకు గురయ్యాయి.

రెండవ ప్రపంచయుద్ధంలో బాంబుదాడులు జరుగుతున్నప్పుడు కూడా వెల్స్ లండన్ లోని రీజెంట్స్ పార్క్ వద్ద గల తన ఇంటిని వదలలేదు. తాను ఊహించిన విమానదాడులను, చివరకు 1945 ఆగస్టులో పరమాణు బాంబు ప్రయోగాన్ని కూడా జీవించి ఉండగానే చూశాడు. 1946 ఆగస్టు 13న ఆ ఇంటిలోనే మరణించాడు. ఆయన చితాభస్మాన్ని సముద్రంలో కలిపారు.

యుద్ధక్రీడలపై ప్రభావం

వెల్స్ మరణానంతరం ఆయన ఆట మరింత వ్యాప్తి చెందింది. నటుడు పీటర్ కుషింగ్ సైనిక బొమ్మల సేకర్త. ఆయన లిటిల్ వార్స్ నియమాలతో ఆడుతున్న దృశ్యాలను 1956లో బ్రిటిష్ పాథే సంస్థ చిత్రీకరించింది. అమెరికాలో జాక్ స్క్రూబీ 1957లో యుద్ధక్రీడలకు ప్రత్యేకించిన పత్రిక ప్రారంభించాడు. ఇంగ్లాండులో డొనాల్డ్ ఫెదర్ స్టోన్ 1962లో వార్ గేమ్స్ అనే పుస్తకం ప్రచురించాడు. క్రమంగా స్ప్రింగు ఫిరంగుల స్థానంలో పాచికలు, నేల స్థానంలో బల్లలు వచ్చాయి. 1974లో వెలువడిన డంజియన్స్ అండ్ డ్రాగన్స్ ఆట సహరచయిత గారీ గైగాక్స్, 2004లో లిటిల్ వార్స్ పునర్ముద్రణకు ముందుమాట వ్రాశాడు.

పాత బొమ్మల సేకరణ, పునరుద్ధరణ

వెల్స్ కాలం నాటి బోలు బొమ్మలు ఇప్పుడు సేకర్తలకు విలువైన వస్తువులు. బ్రిటన్స్ కంపెనీ సీసపు బొమ్మల తయారీని 1966లో నిలిపివేసింది. పిల్లల ఆటలో నలిగినవి కావడం వలన చాలా బొమ్మలు మెడ వద్ద, తుపాకీ కొన వద్ద, గుర్రం కాళ్ళ వద్ద విరిగి ఉంటాయి. విరిగిన తలను నిలబెట్టడానికి అగ్గిపుల్లను సన్నగా చెక్కి, ఒక కొన మెడలోని బోలులోనూ రెండవ కొన తలలోనూ దూర్చి జిగురు పెట్టడం ఇళ్ళలో వాడుకలో ఉన్న పాత పద్ధతి. ఇప్పుడు సన్నని ఇత్తడి తీగ, ఎపాక్సీ జిగురు ఉపయోగిస్తున్నారు.

పాత బొమ్మకు కొత్త రంగు వేయాలా వద్దా అన్న విషయంలో రెండు వర్గాలు ఉన్నాయి. అసలు రంగు ఎంత చెరిగినా దానిని అలాగే ఉంచాలని సేకర్తలు భావిస్తారు. తిరిగి రంగు వేస్తే అరుదైన బొమ్మ విలువ బాగా పడిపోతుంది. ఆటగాళ్ళు మాత్రం రంగు పూర్తిగా పోయిన, విలువ లేని బొమ్మలను శుభ్రంచేసి, మెరిసే ఎనామెల్ రంగులతో పాత శైలిలో తీర్చి మళ్ళీ యుద్ధరంగానికి దింపుతారు.

ఈ బొమ్మలకు ప్రధాన శత్రువు సీసపు తెగులు. తేమ, ఓక్ కర్ర నుండి, కొన్ని రకాల అట్టల నుండి, జిగురుల నుండి వెలువడే ఆమ్లపు ఆవిరి వలన సీసం తెల్లని పొడిగా మారుతుంది. నష్టపోయిన లోహం తిరిగి రాదు. అందువలన బొమ్మలను పొడిగా, గాలి ఆడే చోట, ఆమ్లరహిత కాగితంపై భద్రపరుస్తారు. సీసం, పాత రంగులు విషపదార్థాలు కనుక వీటిని చిన్న పిల్లలకు ఇవ్వరాదు. అరగదీసినప్పుడు వచ్చే పొడిని పీల్చరాదు. పట్టుకున్న తరువాత చేతులు కడుక్కోవాలి. ఒకనాడు పిల్లల ఆటకోసం తయారైన ఈ వస్తువులు ఈ కారణంగా ఇప్పుడు పెద్దల చేతులలోనే ఉన్నాయి.

తెలుగులో

1991లో సింగీతం శ్రీనివాసరావు దర్శకత్వంలో వచ్చిన ఆదిత్య 369 తెలుగు చిత్రానికి ది టైమ్ మెషీన్ నవల స్ఫూర్తి. ఇందులోని పాత్రలు కాలయంత్రంలో శ్రీకృష్ణదేవరాయల కాలానికి, ఆ తరువాత భవిష్యత్తులోకి ప్రయాణిస్తాయి.

ముఖ్య రచనలు

* ది టైమ్ మెషీన్ (1895)
* ది ఐలాండ్ ఆఫ్ డాక్టర్ మోరో (1896)
* ది ఇన్విజిబుల్ మాన్ (1897)
* ది వార్ ఆఫ్ ది వరల్డ్స్ (1898)
* ది ఫస్ట్ మెన్ ఇన్ ది మూన్ (1901)
* కిప్స్ (1905)
* ది వార్ ఇన్ ది ఎయిర్ (1908)
* ది హిస్టరీ ఆఫ్ మిస్టర్ పాలీ (1910)
* ఫ్లోర్ గేమ్స్ (1911)
* లిటిల్ వార్స్ (1913)
* ది వరల్డ్ సెట్ ఫ్రీ (1914)
* మిస్టర్ బ్రిట్లింగ్ సీస్ ఇట్ త్రూ (1916)
* ది అవుట్ లైన్ ఆఫ్ హిస్టరీ (1920)
* ది షేప్ ఆఫ్ థింగ్స్ టు కమ్ (1933)
* ఎక్స్పెరిమెంట్ ఇన్ ఆటోబయోగ్రఫీ (1934)